వార్నింగ్ పక్కన కామెంట్

జాన్ రెసిగ్ 2006లో విడుదల చేసిన జేక్వెరీ పాత వెర్షన్ ఏదైనా తీసుకుని కోడ్‌లో తప్పులు వెతికే జేఎస్‌లింట్ అనే లింటర్ చేత చదివిస్తే వార్నింగులు గుట్టగా వచ్చి పడతాయి. "ఇంతమంది వాడే లైబ్రరీలో ఇన్ని తప్పులా అండీ?" అని మా టీంలో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. నాకు ఇష్టమైన ప్రశ్న అది. వెంటనే జవాబు చెప్పను. ముందు ఆ వార్నింగులను ఒక్కొక్కటే తెరిచి చదవమంటాను.

ఎక్కువగా కనిపించేది నల్‌ని రెండు సమాన గుర్తులతో పోల్చడం. మూడు పెట్టమంటుంది జేఎస్‌లింట్. ఆ సలహా సబబే. రెండే పెడితే జావాస్క్రిప్ట్ విలువల రకం మార్చి మరీ పోలుస్తుంది, సున్నా, ఖాళీ స్ట్రింగ్ ఒకటైపోతాయి. అయితే నల్ దగ్గర ఆ రెండు గుర్తులూ చేసే పని వేరు. విలువ నల్ అయినా అన్‌డిఫైన్డ్ అయినా పట్టుకుంటాయి, సున్నాను వదిలేస్తాయి. జేక్వెరీకి కావలసింది సరిగ్గా అదే. 2010 ప్రాంతంలో వాళ్ళు తమ బిల్డ్‌లోనే జేఎస్‌లింట్ నడిపేవారు. తెలిసే చేసిన ఇలాంటి వాటి జాబితా ఒకటి పక్కన పెట్టుకుని, మిగతా వార్నింగులను మాత్రమే పైకి రానిచ్చేవారు.

నేను పదే పదే చూపించే లైను మరొకటుంది. పేరెంట్ చుక్క సెలెక్టెడ్‌ఇండెక్స్, ఆపైన సెమికోలన్, అంతే. విలువను ఎందులోనూ దాచదు, ఏ ఫంక్షన్‌కూ ఇవ్వదు. చూసిన ఎవరికైనా ఎవరో మరిచిపోయి వదిలేసిన ముక్క అనిపిస్తుంది. లింటర్ కూడా అదే అంటుంది. తీసేస్తే మాత్రం డ్రాప్‌డౌన్ దెబ్బతింటుంది. ఒక ఆప్షన్ ఎంపికై ఉందో లేదో అప్పటి సఫారీ తప్పుగా చెప్పేది. దాని పేరెంట్‌లో సెలెక్టెడ్‌ఇండెక్స్‌ను ఒక్కసారి చదివితే చాలు, సర్దుకునేది. అంటే ఆ లైను చేసే పనల్లా చదవడమే! తర్వాతి రోజుల్లో ఇదే ఉపాయం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం నిలిచింది. మూడో తరం జేక్వెరీలో ఆ చోట ఈఎస్‌లింట్ నియమాన్ని ఆపేసి, ఏ బ్రౌజర్ కోసం, ఎందుకు ఆపారో పైనే రాశారు. ఆ కామెంట్ చదివినప్పుడల్లా, రాసినవాళ్ళు పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది నాకు.

జేఎస్‌లింట్‌ను తయారుచేసిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్‌కూ ఇలా నియమాన్ని ఆపే అవసరం పడింది. టెక్స్ట్‌ను కోడ్‌గా నడిపే ఎవాల్‌ను ఆ పరికరం ఒప్పుకోదు. కానీ ఆయనే రాసిన జేసన్2లో ఎవాల్ ఉంది. పాత బ్రౌజర్లకు జేసన్ చదవడం సొంతంగా రాదు కనుక, వచ్చిన టెక్స్ట్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వడగట్టి ఆ తర్వాతే ఎవాల్‌కు అప్పగించారు. ఆ నియమాన్ని సడలించమని ఫైల్లోనే తన పరికరానికి చెప్పుకున్నారు. జేక్వెరీ ఆ వడపోతను అరువు తెచ్చుకుని, ఎక్కడిదో కామెంట్‌లో రాసింది.

కారణం అడక్కుండా వార్నింగ్‌ను తుడిచేస్తే ఏమవుతుందో 2006లో లినక్స్ పంపిణీ డెబియన్ చూపించింది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో విలువ పెట్టని మెమరీని వాడుతున్నారని మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అంటే, సంబంధిత లైన్లను తీసేశారు. వాటిలో ఒకటి ర్యాండమ్ సంఖ్యల జనరేటర్‌కు మేత వేసే లైను. 2008 మేలో సంగతి బయటపడేదాకా ఆ యంత్రాల్లో పుట్టిన కీలకు మిగిలిన వైవిధ్యం ప్రాసెస్ నంబరు ఒక్కటే, సుమారు 32 వేల అవకాశాలు.

మరి జేక్వెరీలో నిజమైన లోపాలు లేవా? ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో 3.4.0 సరిదిద్దినది అలాంటిదే. ఎక్స్‌టెండ్ ఫంక్షన్ ఆబ్జెక్టులను లోతుగా కాపీ చేసేటప్పుడు, అటూ ఇటూ అండర్‌స్కోర్లున్న 'ప్రోటో' అనే పేరు డేటాలో వస్తే దాన్నీ కాపీ చేసేది. దాంతో ఆబ్జెక్టులన్నిటికీ మూలమైన ప్రోటోటైపే బయటివాళ్ళ చేతికి చిక్కేది. ఆ లూప్ చూడడానికి శుభ్రంగా ఉంటుంది. లింట్ నోరు మెదపదు. మరుసటి ఏడు 3.5.0లో సరిచేసిన హెచ్‌టీఎంఎల్ లోపం కూడా అంతే. మామూలు లింట్ చూసేది రాత తీరును, డేటా ఎవరి దగ్గర నుంచి వస్తోందో దానికి తెలియదు. డేటా దారిని వెంబడించే కోడ్‌క్యూఎల్ లాంటివి ఇప్పుడు ఈ రకం లోపాలనూ వెతుకుతున్నాయి. అది నాకు ఎంతో సంతోషం.

వార్నింగులు సున్నాకు తెచ్చామని రిపోర్టు ఇస్తే క్లయింట్లు మెచ్చుకుంటారు. నేను ఆ సంఖ్య అడగను. ఎక్కడెక్కడ నియమాన్ని ఆపారో చూపించమంటాను, అక్కడ కారణం రాసి లేకపోతే కోడ్ వెనక్కి పంపుతాను. జేక్వెరీ వాళ్ళు 'సపోర్ట్' అని మొదలుపెట్టి బ్రౌజర్ పేరు, వెర్షన్ రాస్తారు. ఆ బ్రౌజర్‌ను వదిలేసిన రోజున ఆ మాట కోసం వెతికి, లైనునూ దాని కోసం ఆపిన నియమాన్నీ ఒకేసారి తీసేయొచ్చు.