ఏడో నంబరు చాలు

గోల్ఫ్ ఆడతానని చెప్పగానే ఎదుటివాళ్లు ముందు అడిగేది మెంబర్‌షిప్ ఎంతని. నాకది లేదంటే, మరెలా ఆడతావని. ఇదివరకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. ఈ మధ్య అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2023లో సాహిత్ తీగల అమెరికాలో పీజీఏ టూర్ టోర్నీ గెలవడం, ఆ అబ్బాయి తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లేనని పేపర్లలో రావడంతో, "మావాణ్ని కూడా చేర్పిద్దామనుకుంటున్నా, ఏమాత్రం అవుతుందేంటి?" అని ఫోన్ చేసిన బంధువులు నాకూ ఉన్నారు. అందుకని ఈ వారం డబ్బు సంగతే.

గోల్కొండ నయాఖిల్లాలో కుతుబ్‌షాహీల నాటి గోడల నడుమ ఉన్న కోర్సులో గానీ, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో గానీ సభ్యత్వం సంపాదించడం నెలజీతగాడి వల్ల అయ్యే పని కాదు. కాదని ఒప్పేసుకుంటే సగం బెంగ తీరిపోతుంది. రేంజ్‌కి వెళ్లి బకెట్ బంతులు కొట్టుకోవచ్చు. డబ్బు కట్టి ఆడనిచ్చే చోట వారం మధ్యలో, రేటు తక్కువున్న పూట చూసుకుని వెళ్లొచ్చు. మెంబరైన మిత్రుడు గెస్టుగా రమ్మంటే మొహమాటపడకుండా వెళ్లిపోవచ్చు. నా ఆటంతా ఇలాగే నడుస్తోంది. స్కోరు కూడా తగ్గుతోంది, మెల్లగానే అనుకోండి.

నిజానికి మనవాళ్ల జేబుకి చిల్లు పెట్టేది కోర్సు కన్నా దుకాణం. ఏటా సంవత్సరం మొదట్లో పెద్ద కంపెనీలన్నీ కొత్త డ్రైవర్లు దింపుతాయి. పోయినేటి దానికన్నా ఇన్ని గజాలు ఎక్కువ పోతుందంటాయి. పేరున్నదైతే ధర యాభై వేల దగ్గర పలుకుతోంది. ప్రకటనల్లో రాయని సంగతి ఒకటుంది. డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు మించరాదని, దాని ముఖం బంతిని ఎగదన్నే గుణానికి కూడా ఒక హద్దుందని నిబంధనలు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కంపెనీలు అప్పట్లోనే ఆ హద్దు దాకా వచ్చేశాయి. అంచేత 2008 నాటి డ్రైవర్‌తో నడిమధ్య తగిలిన బంతికీ, నిన్న కొన్నదానితో నడిమధ్య తగిలిన బంతికీ తేడా పెద్దగా ఉండదు. దెబ్బ పక్కకి పడినప్పుడు కొత్తవి కాస్త ఎక్కువ తప్పు కాస్తాయి, అది నిజం. ఆ కాస్తకీ యాభై వేలు పెట్టాలా అన్నది ఎవరి జేబును బట్టి వాళ్లు తేల్చుకోవాలి. నా జేబు ఎప్పుడో తేల్చేసింది.

ఐరన్ల సంగతి ఇంకా తమాషా. నలభై ఏళ్ల కిందట ఏడో నంబరు ఐరన్ ముఖం 35 డిగ్రీల దగ్గర వాలి ఉండేది. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు 30కి అటూ ఇటూ ఉంటోంది. కొన్నిటికి ఇంకా తక్కువ. అంటే పాత ఐదుకీ ఆరుకీ మధ్యలో ఉండాల్సిన క్లబ్బు మీద ఏడు అని ముద్ర కొట్టి ఇస్తున్నారన్నమాట. మీ బావమరిది తన ఏడో నంబరు 170 గజాలు పోతోందని మురిసిపోతుంటే మురవనివ్వండి, పోయేదేముంది.

స్కోరు లెక్క వేరేగా ఉంటుంది. 380 గజాల పార్ 4 తీసుకోండి. ఏడో నంబరుతో తిన్నగా 140 గజాలు పోతే చాలు. రెండు దెబ్బలకి 280. మిగిలిన వంద గజాలకీ చిన్న ఐరన్ తీసి గ్రీన్ మీద పడేస్తే, ఆపైన రెండు పట్‌లు. మొత్తం ఐదు, బోగీ. పద్దెనిమిది హోల్స్‌కీ ఇదే వరస అయితే పార్ 72 కోర్సు మీద 90. రేంజ్‌లో 250 గజాల డ్రైవ్ గురించి మాట్లాడేవాళ్లలో 90 లోపు కార్డు చూపించగలిగేవాళ్లు ఎందరుంటారో మీరే వాకబు చేయండి. వందకు పైన తిరిగేవాడి కార్డు నిదానంగా చదివితే అసలు దొంగ దొరుకుతాడు. హద్దు దాటిన బంతికి ఒక దెబ్బ జరిమానా, పైగా కొట్టిన చోటికే వెనక్కి వచ్చి మళ్లీ కొట్టాలి. టీ మీద అదే చోట నిలబడి ఉంటాం, లెక్కలో మాత్రం అది మూడో షాటు. నీళ్లలో పడితే అదో నష్టం. ముప్ఫై గజాలు దొర్లి ఆగిపోయే టాప్ షాట్లు వీటికి తోడు.

ఒకసారి గెస్టుగా ఆడుతున్నప్పుడు నాతో నడిచిన క్యాడీ, వయసులో నాకన్నా పెద్దాయన, ఇరుకైన హోల్ దగ్గర నేను డ్రైవర్ కవరు తీయబోతుంటే దాని మీద చెయ్యి పెట్టాడు. "ఏడు నంబరు తీస్కోండ్రి సార్. బాలు కనవడితె సాలు." అంతకన్నా మంచి కోర్సు మేనేజ్‌మెంట్ సలహా నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

చేతిలో కొంచెమే డబ్బుంటే అది ఆట నేర్పే ప్రో దగ్గర పెట్టాలన్నది నా ఖాయమైన అభిప్రాయం. కొత్తగా ఆడేవాళ్లలో ఎక్కువమందిని పీడించేది స్లైస్. బంతి కుడివైపు వంకర తిరిగి చెట్లలోకి పోతుంది. కుడికి పోతోంది కదా అని మనం ఎడమకి తిరిగి నిలబడతాం. దాంతో క్లబ్బు బంతిని అడ్డంగా ఇంకా ఎక్కువ కోస్తుంది, ముఖం తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంటుంది, వంకర పెరుగుతుంది. మరికాస్త ఎడమకి జరుగుతాం. ఇందులోంచి యూట్యూబ్ చూసి బయటపడ్డవాళ్లు నాకైతే తారసపడలేదు. అక్కడ దొరికేవన్నీ వేరెవరి జబ్బుకో రాసిన మందులు. మంచి ప్రో ముందు మన స్వింగ్ చూడడు, పట్టు చూస్తాడు. క్లబ్బు పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు రెండైనా కనబడుతున్నాయా, కుడిచెయ్యి బొటనవేలి సందు ఎటు చూస్తోంది, బంతి ఏ కాలి దగ్గరుంది, ఇవే అడుగుతాడు. అరగంటలో ఒక్క సంగతి చెప్పి పంపిస్తే ఆయన గొప్పవాడు. ఆరు చెప్పాడంటే మరొకరిని వెతుక్కోండి. ఆ ఒక్కదాన్నీ మన ఫోన్లోనే స్లో మోషన్‌లో తీయించుకుని, నెలా రెండు నెలలు దాని మీదే కూర్చోవాలి. కొత్త డ్రైవర్ ధర పెడితే ఇలాంటి పాఠాలు ఏడాది పొడవునా చెప్పించుకోవచ్చు.

రేంజ్ విషయంలో ఒక మోసం ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి. మన రేంజ్‌లలో ఎక్కువగా ఆకుపచ్చ మ్యాట్ మీద నిలబడి కొడతాం. గడ్డిలో అయితే క్లబ్బు బంతికన్నా ముందు నేలకి తగిలిందంటే మట్టిలో దిగబడిపోతుంది, బంతి కాళ్ల దగ్గరే పడుతుంది. మ్యాట్ మీద అదే తప్పు చేస్తే క్లబ్బు జారుకుంటూ వెళ్లి బంతిని చక్కగా లేపేస్తుంది. చెవికి మంచి చప్పుడు, కంటికి మంచి ఎత్తు. అలా బకెట్లకి బకెట్లు కొట్టి, ఆదివారం కోర్సుకెళ్లి మొదటి హోల్‌లోనే మట్టి తవ్వుకునేవాళ్లని చూస్తూనే ఉంటాం. దీనికి విరుగుడు జేబులోనే ఉంది. చేతిరుమాలు మడిచి బంతికి బెత్తెడు వెనక పరవండి. రుమాలుకి తగలకుండా బంతిని కొట్టాలి. మొదటి పది బంతులకి రుమాలు ఎగిరిపోతూ ఉంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు. ఐరన్ ముఖానికి వేలితో కాస్త టాల్కం పౌడర్ రాస్తే బంతి ఎక్కడ తగిలిందో ముద్ర పడుతుంది. మడమ దగ్గరా, కొసనా, నడుమనా అన్నది యంత్రాలేవీ లేకుండానే తెలిసిపోతుంది.

ఇంకో మాట. బకెట్ అంతా పావుగంటలో డ్రైవర్‌తో ఊడ్చేయడం వ్యాయామం కింద లెక్క, సాధన కాదు. బంతి బంతికీ గురి మార్చాలి, క్లబ్బు మార్చాలి, ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూసుకుని వచ్చి నిలబడాలి. కోర్సులో ఒకే చోటి నుంచి ఒకే షాటు ఇరవైసార్లు ఎవరూ కొట్టనివ్వరు కదా. అన్నట్టు రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి, వాటితో దూరాలు కొలుచుకోకండి.

ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగింది పటింగ్. మార్బుల్ గచ్చు మీద పనికిరాదు, బంతి ఆగదు. దానికి మా ఇంట్లో దొరికిన ఉపాయం జంపఖానా. పెళ్లిళ్లకీ భజనలకీ పరిచే చారల జంపఖానా మీద బంతి వేగం ఫరవాలేదనిపిస్తుంది. దాని చారలే గీతలు. ఒక చార మీద బంతి పెట్టి, పటర్‌ని దాని వెంటే వెనక్కీ ముందుకీ నడిపిస్తే, ముఖం ఏమాత్రం పక్కకి తిరిగినా బంతి చార దాటిపోతుంది. అవతలి కొసన స్టీలు గ్లాసు పడుకోబెట్టి ఉంటుంది. గోల్ఫ్ హోల్ నాలుగుంపావు అంగుళాలు. మంచినీళ్ల గ్లాసు మూతి మూడంగుళాలు ఉంటే ఎక్కువ. రోజూ దానిలోకి కొట్టినవాడికి కోర్సులో హోల్ విశాలంగా కనబడుతుంది. గ్లాసుకి తగిలి ఖణేల్‌మన్నప్పుడల్లా వంటింట్లోంచి ఒక మాట వినబడుతుంది. అది ఈ ఆటలో కట్టాల్సిన గ్రీన్ ఫీజు. జంపఖానా తిన్నదనమే నేర్పుతుంది, దూరం అంచనా నేర్పదు. అది కావాలంటే రౌండుకి ముందు కోర్సు దగ్గరున్న ప్రాక్టీస్ గ్రీన్ మీద, చిన్నవి వదిలేసి, ముప్ఫై నలభై అడుగుల పట్‌లు కొట్టి చూసుకోవాలి. మూడు పట్‌లు పడేది మొదటిది దూరం తప్పినందుకే. టీవీలో చూసి మనసు పాడుచేసుకోవద్దు. టూర్ ప్రోలు కూడా ఎనిమిది అడుగుల పట్‌లలో సుమారు సగమే వేస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ లక్షల షాట్ల లెక్కలు తీసి 2014లో 'ఎవ్రీ షాట్ కౌంట్స్' అనే పుస్తకం రాశారు. బాగా ఆడేవాడికీ ఆడనివాడికీ మధ్య తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద గజాల అవతలి షాట్లలోనే వస్తోందని, పటింగ్ వాటా అందరూ అనుకునేదాని కన్నా తక్కువని తేల్చారు. తక్కువ డబ్బుతో ఆడేవాళ్లకి ఇది రుచించని కబురు. మనకి ఉచితంగా దొరికేది పటింగ్ కాబట్టి అదే సర్వస్వమని నమ్మడం హాయిగా ఉంటుంది. కానీ లెక్క లెక్కే. అందుకే జంపఖానా మీద పది నిమిషాలు చాలంటాను. ఉన్న డబ్బూ పోగైన ఓపికా ఆ ఏడో నంబరు తిన్నగా పోవడానికి ఖర్చు చేయాలంటాను. పాఠం కొనమన్నది కూడా ఇందుకే.

బీదతనం ఆటకి అడ్డమనేవాళ్లు సెవె బాలెస్టెరోస్‌ని తలచుకోవాలి. స్పెయిన్‌లో పెద్రేన్యా అనే ఊళ్లో, సముద్రపు ఒడ్డున, అన్న ఇచ్చిన మూడో నంబరు ఐరన్ ఒక్కటే పట్టుకుని నేర్చుకున్నాడు. ఇసుకలోంచీ గడ్డిలోంచీ, ఎత్తుగా కావాలన్నా నేలబారుగా కావాలన్నా దానితోనే. తర్వాత ఓపెన్ మూడుసార్లు, మాస్టర్స్ రెండుసార్లు గెలిచాడు. మన దగ్గరా లేకపోలేదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా బ్యాగులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ముంబయి చెంబూరులో క్లబ్బు పక్కనున్న బస్తీలో క్యాడీ కుర్రాళ్లు ఇనుప ఊచలు వంచి, చివర పైపు ముక్క తొడిగి క్లబ్బులు చేసుకుని, ప్లాస్టిక్ బంతులతో సందుల్లో ఆడతారు. ఇళ్ల గోడల మధ్య ఆడేవాడికి స్లైస్ కొట్టే స్థోమత ఎక్కడిది?

సామాను గురించి త్వరగా చెప్పి ముగిస్తాను. బ్యాగులో పద్నాలుగు క్లబ్బులు మించకూడదని నియమం. ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా లేదు. ఒక వుడ్, ఐదు, ఏడు, తొమ్మిది ఐరన్లు, ఒక శాండ్ వెడ్జ్, ఒక పటర్. చాలాకాలం దాకా అంతకు మించి అక్కర్లేదు. వాడినవి కొనేటప్పుడు ఊపి చూడండి, తలలో గలగల వినబడితే వద్దు. స్టీలు షాఫ్టు మీద సొట్టా లోతైన తుప్పూ ఉంటే వద్దు. గ్రిప్పు జారుతుంటే కొత్త క్లబ్బు కొనకండి. ముందు గిన్నెల సబ్బూ పాత బ్రష్షూ పెట్టి తోమండి, మళ్లీ పట్టు వస్తుంది. రాకపోతే గ్రిప్పు ఒక్కటే మార్పించండి. బంతులకైతే క్యాడీలు ఏరి అమ్మేవే నాకు మహాభాగ్యం.

క్లబ్బు మెంబర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. కొత్త సెట్టు కొన్నాక పాతది అటక మీదో కారు డిక్కీలోనో పడేసి ఉంటారు. ఏడేళ్లుగా అక్కడే ఉన్నది మరో ఏడేళ్లున్నా మీకు పనికిరాదు. ఈసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు తీసుకెళ్లి, నేర్చుకుంటున్న క్యాడీ కుర్రాడికో, అద్దె క్లబ్బుతో కొడుతున్న పిల్లకో ఇచ్చేయండి. అరకొర సెట్టయినా ఫరవాలేదు. పటర్ మాత్రం మరిచిపోకుండా ఇవ్వండి.