సున్నా లోపలి పని

కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి వెళ్లే దారిలో ఉంది కినత్తుకడవు. నాయక రాజుల కాలం నుంచీ ఈ చుట్టుపట్ల స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, బడిలో మాత్రం చాలామంది నేర్చుకునేది తమిళ లిపి. తిరుప్పూరు బనియన్ల పరిశ్రమ దగ్గర్లోనే ఉండటంతో అక్షరాలను వేడితో బట్టకు అతికించే హీట్ ప్రెస్ ఇక్కడ వింత వస్తువేం కాదు. కానీ టీషర్టు మీద తెలుగు పేరు వేయించాలంటే, ఆ అక్షరాలు కోసే మనిషికి అవి చదవడం రాకపోవచ్చు. రూపాన్ని నమ్ముకునే కోయాలి. ఆ పనితనం మీద నాకున్న గౌరవమంతా అక్కడే మొదలవుతుంది.

అక్షరాలు కోసేది వినైల్ అనే ప్లాస్టిక్ పొర నుంచి. బట్టకు అతికే ఈ వినైల్‌లో అడుగున పారదర్శకమైన పాలిస్టర్ షీటు, దాని మీద రంగు పొర, ఆ పైన వేడికి కరిగే జిగురు ఉంటాయి. కోత యంత్రం బ్లేడు జిగురు వైపు నుంచి దిగుతుంది కాబట్టి అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోస్తారు. రంగు పొర మందం సాధారణంగా 0.1 మిల్లీమీటరు లోపే. బ్లేడు దాన్ని పూర్తిగా తెంపాలి, షీటును మాత్రం తెంపకూడదు. అందుకే మంచి పనివాడు కొత్త రోలు ఎక్కించగానే ఓ మూల చిన్న చతురస్రం కోసి, ఒలిచి చూసుకుంటాడు.

తెలుగు అక్షరాల వంపుల్లో బ్లేడు హాయిగానే తిరుగుతుంది. చిక్కంతా గుణింతాలు, ఒత్తులు అక్షరానికి తగిలే చోట. ఫాంటులో అవి ఒకదాని మీద ఒకటి పడి ఉంటే బ్లేడు రెండు గీతల మీదా నడుస్తుంది, అక్షరం మధ్యలో చీలుతుంది. కోతకు ముందే కంప్యూటర్‌లో వాటిని ఒకే ఆకారంగా కలిపెయ్యాలి.

అసలు విద్య వీడింగ్‌లో ఉంది. అక్షరం కాని భాగమంతా ఒలిచెయ్యడం. కొక్కెం మొనతో ఓ అంచు లేపి, వినైల్‌ను నిటారుగా పైకి లాగకుండా దాదాపు షీటుకు ఆనించి వెనక్కి మడుస్తూ లాగుతారు. ముందు బయటి భాగం పోతుంది. తర్వాత సున్నా కడుపు, 'ర' కడుపు, 'మ' మెలికల సందులు. షీటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే కోతగీత కనబడుతుంది. 'ఠ' దగ్గరకొచ్చేసరికి చెయ్యి నెమ్మదించాలి. లోపలి ఉంగరం లాంటి భాగాన్ని తియ్యాలి, నడిమి చుక్కను ఉంచాలి. ఆ చుక్క లేచిపోతే 'పీఠం' కాస్తా 'పీరం' అవుతుంది. 'థ'లో చుక్క పోతే 'కథ' 'కధ' అవుతుంది. అక్షరం చిన్నదైన కొద్దీ చుక్క షీటుకు అంటుకుని ఉండే చోటు తగ్గుతుంది. అలాంటప్పుడు సన్నని ఫాంటు వదిలి రామభద్ర లాంటి లావుపాటిది ఎంచుకోవడం తెలివైన పని.

ప్రెస్ చెయ్యడం ఆ తర్వాతి మాట. సాధారణ నూలు బట్టకైతే 150 నుంచి 160 డిగ్రీల వేడి, 10 నుంచి 15 సెకన్లు. షీటు వేడిగా ఉండగా తియ్యాలా, చల్లారాక తియ్యాలా అన్నది వినైల్ రకాన్ని బట్టి.

ఒకసారి అతికాక తప్పు దిద్దడం దాదాపు అసాధ్యం. కాబట్టి తెలుగు పేరు వేయించుకునేవాళ్లు ఒక్క పని చెయ్యండి. వీడింగ్ అయిన షీటును తిప్పి పట్టుకుంటే అక్షరాలు సూటిగా కనిపిస్తాయి. ప్రెస్ కింద పెట్టకముందే తెలుగు చదవగల వాళ్ల చేత ఒకసారి చదివించండి.