మొహాలీలో ఆ 79 బంతులు

2010 అక్టోబర్ 5. ఆస్ట్రేలియాతో టెస్టుకు అదే ఆఖరి రోజు. మొహాలీలో ఆ ఉదయం వి.వి.ఎస్. లక్ష్మణ్ క్రీజులోకి వచ్చేసరికి భారత్ స్కోరు 5 వికెట్లకు 76. గెలవాలంటే 216 కావాలి. నడుం పట్టేసి తొలి ఇన్నింగ్స్‌లో కిందెక్కడో దిగి రెండే పరుగులు చేసిన మనిషి, రెండో ఇన్నింగ్స్‌లో సురేశ్ రైనాను రన్నర్‌గా వెంటబెట్టుకుని వచ్చాడు. కాసేపటికి టెండూల్కర్ ఔటయ్యాడు, ధోనీ రనౌటయ్యాడు, హర్భజన్ వెళ్లిపోయాడు. 119 నుంచి 124కు చేరేలోపు మూడు వికెట్లు పోయాయి. చేతిలో రెండు వికెట్లు, కావలసినవి 92 పరుగులు. అవతలి కొసన ఇశాంత్ శర్మ.

లక్ష్మణ్ పేరు చెబితే అందరికీ ముందు గుర్తొచ్చేది 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281. అది మహత్తరమైన ఇన్నింగ్సే. కానీ ఒత్తిడిని మోసే పనితనం చూడాలనుకుంటే నేను మొహాలీలోని 73 పరుగుల దగ్గరే ఆగుతాను. కోల్‌కతాలో చేతిలో వికెట్లు ఉన్నాయి, అవతల ద్రవిడ్ ఉన్నాడు. ఇక్కడ ఆ రెండూ లేవు.

ఇలాంటప్పుడు పేరున్న బ్యాటర్ సాధారణంగా చేసే పని ఒకటుంది. టెయిలెండర్‌ను దాచేస్తాడు. ఓవర్ మొదట్లో సింగిల్స్ వదిలేసి, చివర్లో ఒకటి తీసి స్ట్రైక్ తనవైపే ఉంచుకుంటాడు. భారమంతా నెత్తిన వేసుకోవడం ధైర్యంలా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు అందులో ఉండేది అపనమ్మకం. ఆస్ట్రేలియా కెప్టెన్ రికీ పాంటింగ్ ఎత్తుగడ కూడా ఈ లెక్క మీదే నడిచింది. లక్ష్మణ్‌కు ఫీల్డర్లను దూరంగా చెదరగొట్టాడు, ఒక్క పరుగు తీసుకో అన్నట్టు. ఇశాంత్ ఎదురైతే దగ్గరికి మూయొచ్చు. లక్ష్మణ్ ఆ సింగిల్‌ను మొహమాటం లేకుండా తీసుకున్నాడు. ఇశాంత్‌ను ఆడనిచ్చాడు.

స్కోరుకార్డు చూడండి. లక్ష్మణ్ మొత్తం ఇన్నింగ్స్‌లో ఆడినవి 79 బంతులు. ఇశాంత్ ఆడినవి 92. తొమ్మిదో వికెట్‌కు వాళ్లు జోడించిన 81 పరుగుల్లో ఎక్కువ బంతులు ఎదుర్కొన్నది ఇశాంతే. ఆ ఇన్నింగ్స్ గొప్పతనం నాకు ఈ రెండు సంఖ్యల మధ్యే దొరుకుతుంది.

దీనికి ఇంకో కోణం ఉంది. రన్నర్ ఉన్న బ్యాటర్, స్ట్రైక్ తనది కానప్పుడు అవతలి వికెట్ దగ్గర నిలబడడానికి వీల్లేదు. స్క్వేర్ లెగ్ వైపు, ఆటకు పక్కగా నిలుచోవాలి. అంటే ఇశాంత్ ఎదుర్కొన్న ప్రతి బంతినీ లక్ష్మణ్ పక్కనుంచి చూస్తూ ఉండాల్సిందే. పరుగుకు పిలిచేదీ పరిగెత్తేదీ రైనా. (ఆ మరుసటి ఏడాది ఐసీసీ అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్లనే తీసేసింది.) తన చేతిలో ఏమీ లేని ఆ నిమిషాలను భరించి, మళ్లీ తన వంతు రాగానే తొలి బంతికే కుదురుగా ఆడటం ఎంత కష్టమో ఆటగాళ్లకు తెలుసు.

ఒత్తిడిలో నేర్పరుల చేతులు ఎందుకు తడబడతాయో అమెరికా పరిశోధకులు సియాన్ బైలాక్, థామస్ కార్ గోల్ఫ్ పటింగ్‌తో ప్రయోగాలు చేసి 2001లో ప్రచురించారు. ఏళ్ల సాధనతో దానంతటదే సాగే పనిని, ఒత్తిడిలో మనిషి మళ్లీ ముక్కముక్కగా గమనించుకోవడం మొదలుపెడతాడు, పట్టు జారుతుంది అని వాళ్ల వివరణ. ఆ వెలుగులో చూస్తే లక్ష్మణ్ నడుం నొప్పి ఒక విధంగా మేలు చేసిందేమో అనిపిస్తుంది. ముందుకు వంగలేడు, పాదాలు సాగవు. ఎంచుకోవడానికి షాట్లే తక్కువ. నిటారుగా నిలబడి, బంతిని దగ్గరిదాకా రానిచ్చి, మణికట్లకు వదిలేశాడు. జైసింహా, అజారుద్దీన్‌ల హైదరాబాద్‌లో పెరిగిన ఆ మణికట్లకు ఎవరూ కొత్తగా చెప్పాల్సింది లేదు. లెగ్ సైడు తిప్పినవి, పొట్టి బంతులపై పుల్ షాట్లు, మొత్తం ఎనిమిది ఫోర్లు. టెండూల్కర్‌నూ హర్భజన్‌నూ ఔట్ చేసిన ఆస్ట్రేలియా పేసర్ బొలింజర్ గాయంతో మైదానం వీడటం కలిసొచ్చిన మాట నిజమే. మిగతా బౌలర్లను నిలువరించింది మాత్రం ఆ చేతులే.

205 దగ్గర ఇశాంత్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. ఇంకా 11 పరుగులు. వచ్చింది ప్రజ్ఞాన్ ఓజా, హైదరాబాద్ జట్టులో లక్ష్మణ్ సహచరుడే. ఒక పరుగు విషయంలో ఓజా తటపటాయించినప్పుడు లక్ష్మణ్ బ్యాటు ఊపుతూ అతని మీద అరిచేశాడు. మైదానంలో గొంతెత్తి ఎరుగని మనిషి అరవడం చూసి కామెంటేటర్లే ఆశ్చర్యపోయారు. నాకు ఆ అరుపంటే ఇష్టం. అంతసేపూ ఆయన లోపల ఏమీ జరగలేదనుకున్నవాళ్లకు అది సమాధానం. భయం, ఆత్రం అందరికీ ఉన్నట్టే ఆయనకూ ఉన్నాయి. రెండు గంటలపాటు వాటిని బ్యాటు దాకా రానివ్వలేదు, అంతే.

ఆరు పరుగులు కావాల్సి ఉండగా ఆస్ట్రేలియా పేసర్ జాన్సన్ బంతికి ఓజా మీద గట్టి ఎల్బీ అప్పీలు. అంపైర్ ఒప్పుకోలేదు. ఆ గందరగోళంలోనే ఓజాను రనౌట్ చేయాలని సబ్‌స్టిట్యూట్ స్టీవ్ స్మిత్ విసిరిన త్రో వికెట్లను తప్పి బౌండరీకి పోయింది. నాలుగు. తర్వాత రెండు లెగ్ బైలతో ఒక్క వికెట్ తేడాతో గెలుపు. ఆఖరి పరుగులు లక్ష్మణ్ బ్యాటు నుంచి రాలేదు. టెయిలెండర్‌ను నమ్మి ఆడిన ఇన్నింగ్స్‌ను టెయిలెండరే ముగించాడు.

ఆ డిసెంబరులోనే డర్బన్‌లో దక్షిణాఫ్రికా పేసర్ల ముందు లక్ష్మణ్ 96 చేశాడు. ఆ టెస్టులో మరెవరికీ అర్ధశతకం కూడా లేదు. ఎనిమిదో వికెట్‌కు 70 పరుగులు జోడించాడు. ఈసారి అవతల ఉన్నది జహీర్ ఖాన్. భారత్ గెలిచిన తేడా 87 పరుగులు.