మాత్రకు ముందు మజ్జిగ

ఎండాకాలం మధ్యాహ్నం మొదలయ్యే తలనొప్పికి మా ఇంట్లో మొదటి మందు మజ్జిగే. ఉప్పు వేసి, నిమ్మాకు నలిపి పల్చగా చిలికింది. ఒక గ్లాసుడు తాగి కాసేపు నీడపట్టున కూర్చుంటే చాలాసార్లు కణతల పోటు తగ్గుతుంది. తగ్గని రోజున మాత్ర ఎలాగూ ఉంది. పొద్దుట్నించీ గుక్కెడు నీళ్లు తాగకుండా, ఖాళీ కడుపున ముందే మాత్ర మింగేవాళ్లను చూస్తే మాత్రం నాకు చిరాకు.

దాహం వేశాక తాగుదాంలే అనుకుంటాం. అది ఆలస్యంగానే వేస్తుంది, వయసు మళ్లినవాళ్లకు మరీను. మూత్రం ముదురు పసుపులోకి మారిందంటే చాలావరకు ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

చెమటలో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. ఎండలో పనిచేసినవాళ్లకు పిక్కలు పట్టేయడానికి ఇదో కారణం. 1920లలో ఇంగ్లండ్‌లో లోతైన, వేడెక్కిన బొగ్గుగనుల కార్మికులకు ఇదే బాధ. ఉత్త నీళ్లు ఎన్ని తాగినా కండరాలు మెలిపెట్టేవి. ఆ నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ఇచ్చాక తెరిపిన పడ్డారు. మన ముంతలో మజ్జిగకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు! బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పూ నీళ్లూ ఎంతో డాక్టరునే అడగాలి. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా మజ్జిగతో కాలక్షేపం చేయకూడదు.

అయితే తాగమని చెప్పడం తేలిక. మిర్చి కోతకు వెళ్లే ఆడవాళ్లను అడగండి, బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయిలను అడగండి. సీసా పక్కనే ఉంటుంది, మూత తీయరు. తాగితే వెళ్లాలి, వెళ్లడానికి చోటుండదు. సాయంత్రానికి తలనొప్పి, నడుంనొప్పి. వాళ్లకు నీళ్ల గొప్పతనం చెప్పబోతే నవ్వుతారు, నవ్వాల్సిందే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 18వ సెక్షన్ తాగునీటిదిగా, 19వది మరుగుదొడ్లదిగా ఉండేవి. రెంటినీ పక్కపక్కనే పెట్టినవాళ్లకు లోకం తెలుసనిపిస్తుంది. పొలం ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ చట్టం అక్కడిదాకా రాలేదు. కూలీలను పిలిచే రైతులు గట్టు మీద నాలుగు గుంజలు పాతి చాటుగా గోనెపట్టా కట్టించినా కొంత నయం. షాపుల యజమానులకు నా విన్నపం ఒక్కటే: నీళ్ల క్యాను తెప్పించినప్పుడే బాత్రూమ్ తాళంచెవి కూడా ఆడపిల్లల చేతికి అందేచోట పెట్టండి.