కొలత చెబితే దొరికే సీలు

పాత ఇంజన్‌కు ఆయిల్ సీలు కావాలని అడిగితే విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ బండికండీ?" పేరు చెబితే చాలాసార్లు "ఆ మోడల్‌వి రావట్లేదండీ" అన్న జవాబుతో వెనక్కి తిరగాలి. కంపెనీ ఆ ఇంజన్ మానేసి దశాబ్దాలైంది. పార్టు నంబరు మారి, మళ్లీ మారి, చివరికి కేటలాగులోంచే పోయింది. అదే మనిషి పేరు ఊసెత్తకుండా "యాభై, డెబ్బై రెండు, పది" అని అడిగితే, కుర్రాడు లోపలికెళ్లి సీలు తెచ్చి బల్లమీద పెడతాడు. షాఫ్టు 50 మిల్లీమీటర్లు, సీలు కూర్చునే హౌసింగ్ 72, వెడల్పు 10. పాతకాలపు పెద్ద యంత్రాలను నడిపించేవాళ్ల విద్యంతా ఈ మూడంకెల దగ్గర మొదలవుతుంది. పార్టు దొరకలేదని తుక్కుకు వేసిన ఇంజన్లలో చాలావాటికి అసలు కరువైంది సరిగ్గా కొలిచే చెయ్యి అని నా గట్టి నమ్మకం.

మన పల్లెల్లో ఆయిల్ ఇంజన్ అనగానే గుర్తొచ్చే రూపం ఒకటుంది: రెండు పెద్ద ఫ్లైవీళ్లు, నిలువు సిలిండరు, తాపీగా కొట్టే చప్పుడు. దాని మూలం ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ ఊరు. ఆర్.ఎ. లిస్టర్ కంపెనీ 1929లో సీఎస్ అనే ఈ రకాన్ని తెచ్చింది. మొదట నిమిషానికి 600 చుట్లతో 5 హార్స్‌పవర్, తర్వాత 650 చుట్లతో 6. ఇంగ్లండ్‌లో 1987లో ఆపేశారు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు అదే నమూనాను పోతపోసి దేశమంతా అమ్ముతూ వచ్చాయి. అందుకే నాలుగున్నర అంగుళాల బోరుకు పిస్టన్, రింగులు కావాలంటే అసలు కంపెనీ కోసం వెతకనక్కర్లేదు. కాకపోతే ఒక కార్ఖానా పోతకూ ఇంకో కార్ఖానా పోతకూ చిన్నచిన్న తేడాలుంటాయి. డబ్బామీద పేరు చూసి కొన్న పార్టును కూడా కొలవకుండా బిగించకూడదు.

రోడ్డు రోలరు, పాత బుల్డోజరు, కంప్రెసరు ఇంజన్ల దగ్గరికొస్తే చిక్కు ఎక్కువ. బ్రిటిష్, అమెరికన్ యంత్రాల్లో కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. రెండు అంగుళాల షాఫ్టు అంటే 50.8 మిల్లీమీటర్లు. 50 సీలును దానిమీదికి ఎక్కించవచ్చు, ఎక్కుతుంది కూడా. కానీ లిప్పు, అంటే షాఫ్టుకు ఆనే రబ్బరు అంచు, ఉండాల్సినదానికంటే బిగువుగా పట్టి, వేడెక్కి, గట్టిపడి, కొద్దికాలానికే కారడం మొదలెడుతుంది. అంగుళాల సీళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. అడగాలి, ఆగాలి.

కొలవడంలో తరచూ జరిగే పొరపాటు పాత సీలు లోపలి వ్యాసం కొలవడం. లిప్పును షాఫ్టు కంటే కావాలనే కాస్త చిన్నదిగా చేస్తారు. వాడిన సీలులో అది అరిగి ఉంటుంది కూడా. కాబట్టి మైక్రోమీటరును సీలుకు కాక షాఫ్టుకే పెట్టాలి, అదీ అరగనిచోట. తర్వాత లిప్పు ఆనే జాగామీద గోరు పెట్టి అడ్డంగా లాగాలి. గోరు తట్టుకుందంటే అక్కడ గాడి పడినట్టే. ఎంత మంచి సీలు వేసినా అదే గాడిలో ఆనితే నూనె ఆగదు. హౌసింగ్‌లో చోటుంటే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కూర్చోబెట్టడం చవకైన వైద్యం. లేదంటే పల్చటి స్టీలు స్లీవు తొడగాలి, కాదంటే షాఫ్టును మెటల్ పోసి గ్రైండింగ్ చేయించాలి. లేత్ మీద తిప్పి వదిలేస్తే మాత్రం చాలదు. లేత్ పనిముట్టు వదిలిన సన్నటి మరగీత షాఫ్టు తిరిగినప్పుడల్లా నూనెను బయటికి తోడేస్తుంది. కళ్లకు అద్దంలా కనిపించే షాఫ్టు ఎందుకు కారుతోందో తెలియక సీలుమీద సీలు మార్చేవాళ్లుంటారు.

సిలిండర్ లైనర్ అడుగున ఉండే ఓ-రింగుల సంగతి మరీ సున్నితం. ఏళ్ల తరబడి నూనెలో నానిన రింగు ఉబ్బి ఉంటుంది. దాన్ని నమూనాగా పట్టుకుని కొత్తది కొంటే మందం ఎక్కువైపోతుంది. ఇక్కడ కొలవాల్సింది రింగు ఆనే గాడిని: దాని లోతు, వెడల్పు. రబ్బరు ఆకారం మారుతుంది తప్ప పరిమాణం తగ్గదు. గాడిలో పట్టనంత రబ్బరు కూరితే అది లైనర్‌ను లోపలికి నొక్కుతుంది, బోరు వంకరపోతుంది, పిస్టన్ పట్టేస్తుంది. పది రూపాయల రింగు లావైనందుకు ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. కొన్ని ఇంజన్లలో రెండు రింగుల మధ్యనుంచి బయటికి ఒక చిన్న రంధ్రం వదులుతారు. అందులోంచి నీళ్లు కారితే పై రింగు, నూనె కారితే కింది రింగు పోయినట్టు. కారడం ఆపడమనుకుని ఆ రంధ్రానికి పేస్టు పూసి మూసేయడం దారుణం.

రబ్బరు అంతా ఒకటి కాదు. మామూలు సహజ రబ్బరు డీజిల్‌లో ఉబ్బిపోతుంది. నైట్రైల్ నూనెను తట్టుకుంటుంది. ఈపీడీఎం వేడినీళ్లకు బాగుంటుంది, నూనె తగిలితే పాడవుతుంది. ఎక్కువ వేడి ఉండేచోట వైటాన్ కావాలి, ధర కూడా అలాగే ఉంటుంది. నాలుగూ నల్లగా ఉండొచ్చు కాబట్టి రంగు చూసి నమ్మడానికి లేదు.

పాత దుకాణాల అటకలమీద డబ్బా విప్పని అసలు సరుకు దొరికినప్పుడు కలిగే ఆనందం ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. అదే డబ్బాలో ఇనుప పార్టు, ఇత్తడి పార్టు, బేరింగు ఉంటే కళ్లకద్దుకుని కొనాలి. రబ్బరు సీలును మాత్రం కొలతకోసమే ఉంచుకోవాలి. నిల్వ రబ్బరు గురించిన ఐఎస్ఓ 2230 ప్రమాణం ప్రకారం నైట్రైల్‌కు ఆయుష్షు 7 ఏళ్లు, తనిఖీలో నెగ్గితే మరో 3. ముప్పై ఏళ్లు అటకమీద పడున్న సీలు ఎంత అసలైనదైనా ఇంజన్‌లోకి పనికిరాదు.

రబ్బరు లిప్పు రాకముందరి పద్ధతి ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. పెర్కిన్స్ తరహా పాత ఇంజన్లలో క్రాంకు వెనుక చివర సీలు గ్రాఫైటు పట్టించిన తాడు రూపంలో ఉంటుంది, చూడ్డానికి పెద్ద దీపపు వత్తిలా. దాని హౌసింగ్ రెండు సగాలుగా ఉంటుంది. ఒక సగాన్ని గాడి పైకొచ్చేలా వైస్‌లో పట్టిస్తారు. ముందు తాడు రెండు చివరలను అంగుళం మేర బొటనవేలితో గాడిలోకి దిగనొక్కుతారు, కొసలు హౌసింగ్ అంచుకంటే పావు నుంచి అర మిల్లీమీటరు పైకి ఉండేలా. అప్పుడు మధ్యలో తాడు విల్లులా లేస్తుంది. చాలామంది ఎక్కువైందని అక్కడ కోసేస్తారు. కొయ్యకూడదు. ఆ లేచిన భాగాన్ని వేలితో లోపలికి కూరి, గుండ్రటి కడ్డీని దానిమీద అటూ ఇటూ దొర్లించి అణచాలి. రెండో సగానికీ ఇంతే. రెండూ కలిపి బిగించినప్పుడు ఆ పైకున్న కొసలు ఒకదాన్నొకటి నొక్కుకుని సందు మూసేస్తాయి. లోపలివైపు గ్రాఫైటు గ్రీజు రాసి, క్రాంకును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూస్తే పని అయినట్టు. పాత తాడు తీసేటప్పుడు ఒక జాగ్రత్త: అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఎయిర్ కొట్టి దుమ్ము లేపకుండా తడిపి, కవర్లో చుట్టి తీసేయాలి.

ఈ పనంతా చేసే ఫిట్టర్లు, టర్నర్లు ఎక్కువమంది ఆ విద్యను ఎక్కడా రాసిపెట్టలేదు. అది నాకు బాధ కలిగించే విషయం. ఒక ఇంజన్ విప్పినప్పుడు ఒక చిన్న నోటుపుస్తకంలో అయిదు సంగతులు రాస్తే చాలు: షాఫ్టు కొలత, హౌసింగ్ కొలత, వెడల్పు, ఏ రబ్బరు, ఏ దుకాణంలో దొరికింది. కొన్ని సీళ్ల లిప్పుకు ఏటవాలు గీతలుంటాయి, అవి ఒకే దిశలో తిరిగే షాఫ్టుకే పనిచేస్తాయి కాబట్టి తిరిగే దిశ కూడా రాయాలి. పంచాయతీల షెడ్లలో, మూతబడిన మిల్లుల్లో చెదలు పడుతున్న పార్టు బుక్కులను తుక్కు కాగితాలతో అమ్మేముందు ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టాలి. ఐటీఐలో చేరే కుర్రాళ్లకు మొదటి నెలలోనే ఒక అరిగిన షాఫ్టు, ఒక ఉబ్బిన రింగు, ఒక మైక్రోమీటరు చేతికిచ్చి, బజారుకెళ్లి సరైనవి తెమ్మనాలి.