అవార్డంటే బహుమతి కాదు

పట్టిసీమ ఎత్తిపోతల పథకాన్ని 2015 ఆగస్టు 15న జాతికి అంకితం చేశారు. గోదారి నీళ్లను 24 పంపులతో తోడి, పోలవరం కుడికాలువ గుండా కృష్ణకు పంపే పథకం. ఈ ప్రాజెక్టుల వెంట ఓ ఇంగ్లీషు నిఘంటువే గోదారి ఊళ్లకొచ్చింది. టీఎంసీ, క్యూసెక్కులతో పేచీ లేదు, అవి కొలతలు. నూరు కోట్ల ఘనపుటడుగులంటే ఒక టీఎంసీ, అంతే. పేచీ 'ప్యాకేజీ'తో. పొలం, ఇల్లు, చింతచెట్టు, సమాధులు అన్నీ ఒకే మూటలో కట్టేస్తుంది. ఇంకా ఘోరం 'అవార్డు'. భూసేకరణ చట్టంలో అది పరిహారం తేల్చే ఉత్తర్వు. పొలం పోయినవాడికి అవార్డొచ్చిందంటే సన్మానం చేశారనుకోవాలా?

అచ్చతెలుగు రాయండంటారు కొందరు. ఏది అచ్చతెలుగు? రైతు అరబ్బీ నుంచొచ్చాడు. జిల్లా, తహసీలు, వసూలు, బకాయి, జప్తు... ఆఖరికి హక్కు కూడా అరబ్బీయే. అవీ ఒకప్పుడు పాలకుల మాటలే. జప్తూ ఆ దారినే వచ్చిందని మరిచి మురిసిపోనక్కర్లేదు. కానీ కచేరీల చుట్టూ తిరిగి తిరిగి రైతు వాటిని సొంతం చేసుకున్నాడు, వాటితోనే సర్కారుని నిలదీశాడు. ప్యాకేజీని పట్టుకుని ఎవర్ని నిలదీస్తాం? మాది పరాయి భాష అనేవాళ్లు హక్కు అనకుండా ఒక్క ధర్నా చేసి చూపించాలి.

మనకీ ఇంగ్లీషు పేరొకటుంది: మైనారిటీ. ఉర్దూలో అఖల్లియత్, తెలుగులో అల్పసంఖ్యాకులు. రెండింట్లోనూ 'తక్కువ' చెవికి తగుల్తుంది. ఇంగ్లీషులో అంతగా గుచ్చుకోదు. అందుకే కాబోలు, మనవాళ్లకీ అదే నచ్చింది.