ఆర్పిన పిదప నిలుచు వేడి

అణువిద్యుత్కేంద్రమున రియాక్టరు నాపుట యొకటి, దానిని చల్లార్చుట వేరొకటి. నియంత్రణ కడ్డీలు లోనికి జారిన క్షణములలోనే విచ్ఛిత్తి పరంపర నిలిచిపోవును గాని, అంతవరకు ఇంధనమున పోగుపడిన శకలముల రేడియోధార్మికత నిలువదు. 3000 మెగావాట్ల ఉష్ణము నిచ్చు రియాక్టరు ఆగిన మరుక్షణమున సైతము 200 మెగావాట్లకు చేరువగా వేడి పుట్టుచునే యుండును, గంట గడచినను 40 మెగావాట్లు మిగిలియుండును. ఆ వేడిని కొనిపోవు నీటిగొట్టము తెగినచో గతియేమి యను ప్రశ్న నుండి పుట్టినదే అత్యవసర శీతలీకరణ పరిశోధన. ఈ విద్యయందు నాకు గౌరవము కలిగించినది దాని విజయముల జాబితా కాదు. తమ లెక్కను తమ ప్రయోగమే కాదనిన వేళల యందు ఆ పరిశోధకులు నడచుకొనిన తీరు.

అమెరికాలోని ఐడహో ఎడారియందు 'సెమీస్కేల్' అను చిన్న పరికరమును నెలకొల్పి, అందు యురేనియమునకు బదులు విద్యుత్తుతో కడ్డీలను కాచి, గొట్టమును బుద్ధిపూర్వకముగా తెంచి, అత్యవసర జలమును లోనికి పంపి చూచిరి. 1970 చివరను, 1971 తొలినెలలందును జరిగిన ఆ పరీక్షలలో, లోపలినుండి ఎగదన్నుకొని వచ్చు ఆవిరి ఆ నీటిని ఇంధనముండు కోర్ దాకా పోనీయక తెగిన గొట్టము వైపునకే తరిమివేసెను. ఇంత చిన్న పరికరము నిజమైన రియాక్టరునకు ప్రతినిధి కాజాలదని కొందరు వాదించిరి. ఆ వాదమున సత్యము లేకపోలేదు. అయినను ఫలితము మూలపడలేదు. అత్యవసర శీతలీకరణపై 1972 నుండి సాగిన సుదీర్ఘమైన బహిరంగ విచారణలో హెన్రీ కెండాల్, డేనియల్ ఫోర్డ్ ప్రభృతులైన విమర్శకులు ప్రశ్నింపగా, ప్రభుత్వ ప్రయోగశాలల నిపుణులు సైతము తమ సందేహములను సాక్ష్యముగా చెప్పిరి. ఆ విచారణ పిదప, ఇంధనపు తొడుగు ఉష్ణోగ్రత 1204 డిగ్రీల సెల్సియస్ మించరాదను నియమము 1974లో వెలువడినది. అంతకు మించినచో తొడుగునందలి జిర్కలాయ్ లోహము ఆవిరితో కలిసి తానే వేడిని పెంచుకొనుచు, హైడ్రోజనును విడుచుచు, పెళుసుబారిపోవును. మన దేశపు రియాక్టర్లకు ఈ జిర్కలాయ్ తొడుగులను చేయునది హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ కనుక, ఆ అంకె మనకు పరాయిది కాదు.

పిదప అదే ఎడారియందు, విరుగగొట్టి చూచుటకే 50 మెగావాట్ల నిజమైన రియాక్టరును నిర్మించి 'లాఫ్ట్' అని పేరిడిరి. 1978 డిసెంబరులో, కోర్ నడచుచుండగా గొట్టము తెంచిన తొలి పరీక్ష జరిగెను. మిక్కిలి కాగిన పెనముపై చిలకరించిన నీరు పెనము నంటక తన యావిరిపైననే దొరలునట్లు, కాగిన తొడుగును కూడ నీరు వెంటనే తాకజాలదు; కాని యీ పరీక్షలో తొడుగులు అనుకొనినదానికంటె ముందే తడిసి చల్లబడెను. సంతోషించి యూరకుండదగిన ఫలితమది. వారు ఊరకుండలేదు. తొడుగుల వెలుపల వేడిని కొలుచుటకు అతికిన థర్మోకపుల్ తీగలే రెక్కలవలె వేడిని లాగి తడియుటను త్వరపరచినవేమో, కొలుచు సాధనమే కొలతను మార్చినదేమో యని సందేహించి, ఆ యొక్క సంగతిని తేల్చుటకు వేరుగా పరీక్షలు జరిపిరి. అనుకూలముగా వచ్చిన ఫలితమును ప్రతికూల ఫలితమువలెనే నిలదీయుట నేనెరిగిన ఏ విద్యయందును సులభము కాదు; నాకీ పరిశోధనలన్నిటిలో మిక్కిలి ప్రియమైన ఘట్ట మిదియే.

నాలుగు నెలలు నిండకమునుపే, 1979 మార్చి 28న, అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము సంభవించెను. అచట పెద్దగొట్టమేదియు తెగలేదు. తెరచుకొనిన ఒక కవాటము మూతపడలేదు, అంతే. అత్యవసర జలము తనంత తాను లోనికి పోవుచునే యున్నది. పీడనమును నిలుపు ప్రెషరైజరులోని నీటిమట్టము పెరుగుట చూచి, వ్యవస్థ నిండిపోయినదని భ్రమించిన ఆపరేటర్లు ఆ నీటిని తగ్గించివేసిరి. కోర్ దాదాపు సగము కరిగిపోయెను. పెద్ద గండిపై నిలిచిన దృష్టి అటుపిమ్మట చిన్న గండ్లవైపు మరలెను, లాఫ్ట్ పరీక్షలును ఆ దారినే పట్టెను. 1985లో జరిగిన దాని కడపటి ప్రయోగమున ఇంధనమును కావలెననియే కరగనిచ్చి చూచిరి.

మన దేశమునను ఇట్టి పరీక్షలు జరుగుచున్నవి. వాని ఫలితములను, అందును లెక్కకు లొంగనివానిని మొదటగా, సామాన్యపాఠకునకు తెలియు భాషలో ప్రకటింపుడని మన అణుశాస్త్రజ్ఞులను వేడుకొనుచున్నాను.